మారని పక్కిల్లు

పళ్ల డాక్టర్‌ని ఆయన క్లినిక్‌లోనే, పేషెంట్లు పడుకునే కుర్చీలోనే చంపారు. పట్టపగలు. బయట బెంచీ మీద ముగ్గురు చెంపలు పట్టుకుని కూర్చునే ఉన్నారు. లోపలికి వెళ్లినవాడు ముఖానికి మాస్క్, చేతులకి గ్లోవ్స్ వేసుకున్నాడు. పళ్ల డాక్టర్ దగ్గర ఆ వేషం చూసి అనుమానపడేవాడెవడు? పని ముగించుకుని బయటికి వచ్చి, "డాక్టరుగారు పిలుస్తారు, కూర్చోండి" అని మర్యాదగా చెప్పి మరీ వెళ్లాడు. వాళ్లు కూర్చున్నారు. చివరికి నొప్పి భరించలేని ఒకాయన తలుపు తోశాడు.

మర్నాడు ఉదయం ఏజెన్సీలో ఆ ఫొటోలు బల్ల మీద పరిచి ఉన్నాయి. ఏజెన్సీ అనగానే పెద్ద భవనం, గేటు దగ్గర తుపాకులు ఊహించుకోవద్దు. పరుపుల గోడౌన్ పైన రెండు గదులు, అంతే. కింద అన్ని పరుపులుంటే పైన మాట్లాడుకునేది బయటికి వినపడదని పెద్దాయన లెక్క. పెద్దాయన అంటే ఏజెన్సీ చీఫ్. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. తెలిసినా పిలిచే ధైర్యం ఎవరికీ లేదు.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని అందరూ గుమాస్తా అంటారు. ఆ ముఖాన్ని ఏ ఆఫీసులో ఏ కౌంటర్ వెనక పెట్టినా అతికిపోతుంది. ఒకసారి చూసినవాళ్లు రెండోసారి చూస్తే గుర్తుపట్టరు. గూఢచారికి అంతకన్నా ఆస్తి ఏం కావాలి? ఎంత గుంపులో ఉన్నా అతన్ని గుర్తుపట్టే మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉండేది. అతని భార్య.

"పోయినాయన మనవాడే," అన్నాడు పెద్దాయన. "పేటలో ఇల్లుంది ఆయనకి."

"పేటలో ఎవరెవరున్నారో మనకే తెలియదు కద సార్."

"మనకి తెలియదు. చంపినవాళ్లకి తెలిసింది. అదీ నా బాధ."

పేట అంటే ఏజెన్సీ రహస్య నెట్‌వర్క్. పీర్-టు-పీర్. మధ్యలో సర్వర్ లేదు, ఆఫీసు లేదు, సభ్యుల లిస్టు లేదు. ఫోన్‌లో ఆ యాప్ ఉన్న ప్రతి మనిషీ ఒక ఇల్లు. ప్రతి ఇంటికీ నాలుగు పక్కిళ్లు. నువ్వు రాసిన ఉత్తరం పక్కింటికి వెళ్తుంది, అక్కణ్ణించి వాళ్ల పక్కింటికి, అలా చేతులు మారి చేరాల్సిన చోటికి చేరుతుంది. మోసినవాళ్లకి అది ఎవరు రాశారో తెలియదు, లోపల ఏముందో అసలే తెలియదు. రాయడానికి ఏమీ లేకపోయినా ప్రతి ఇల్లూ నిమిషానికోసారి పక్కిళ్లకి ఖాళీ ఉత్తరం పంపుతూనే ఉంటుంది. అసలుదీ ఖాళీదీ ఒకే బరువు, ఒకే కవరు. ఏది ఏదో అందుకున్న పక్కింటికి తప్ప బయటివాడికి తెలియదు. పైగా వారానికోసారి పక్కిళ్లు మారిపోతాయి. ఎవరూ ఎవరికీ అలవాటు పడకూడదని రూలు.

ఆ పేట కట్టింది గుమాస్తా భార్యే. కట్టేటప్పుడు ఆమెకీ పెద్దాయనకీ పెద్ద గొడవ జరిగింది. కింద ఇన్ని పరుపులున్నా బయటికి వినపడి ఉండేంత గొడవ.

"లిస్టు ఒకటి నా బీరువాలో ఉండాలమ్మా," అన్నాడాయన అప్పుడు. "ఎవరు మనవాళ్లో నాకు తెలియకపోతే దొంగలు దూరతారు."

"లిస్టుంటే బీరువా పగలగొడతారు సార్. ఒక్క బీరువాతో పేటంతా పోతుంది."

"లిస్టు లేకపోతే ఒకడే వెయ్యి ఇళ్లు కట్టుకుని కూర్చుంటాడు. అప్పుడో?"

"గుమ్మం దగ్గర పేరు అడిగితే, పేరు చెప్పలేని మనిషి లోపలికి రాడు. మనకి కావాల్సింది ఆ మనిషే. అడక్కపోతే దొంగా వస్తాడు. రెండూ కావాలంటే కుదరదు సార్. ఏదో ఒకటి ఒప్పుకోండి."

ఆయన ఒప్పుకున్నాడు. చివరికి ఇద్దరి మాటా నిజమై కూర్చుంది. ఇద్దరిలో ఒకరైనా తప్పయి ఉంటే ఈ కథ ఇంత ఏడుపుగా ఉండేది కాదు.

పేట పూర్తయ్యాక ఆమె సరిహద్దు దాటింది. అవతలి దేశపు గూఢచారి ముఠా ఒకటుంది, దాన్ని కంపెనీ అంటారు. దాని హెడ్డాఫీసులోనే మారుపేరుతో ఉద్యోగంలో చేరింది. ఏ పేరో, ఏ ఇంట్లో ఉందో ఏజెన్సీలో ఎవరికీ తెలియదు. పెద్దాయనకీ తెలియదు, మొగుడికీ తెలియదు. ఆమె పెట్టిన షరతే అది. ఫైళ్లలో ఆమెని లాంతరు అంటారు. కబుర్లు పంపాలన్నా, ఒకరోజు ఇంటికి రావాలన్నా ఆమెకి పేట ఒక్కటే దారి. రూలు ప్రకారం ఆమె వెళ్లిన రోజే గుమాస్తా కాపురమున్న ఇల్లు మారాడు. ఏజెన్సీ కూడా చోటు మారింది. అప్పట్నించీ మారుతూనే ఉన్నాయి.

"కంపెనీవాళ్లు పేటలో దొంగ ఇళ్లు కట్టారు," అన్నాడు పెద్దాయన. "డాక్టర్ నాలుగు పక్కిళ్లూ వాళ్లవే అయిపోయాయి. ఆయన ఇంటికి ఏ ఉత్తరమూ రాకుండానే ఒకటి బయల్దేరితే, అది ఎవరు రాశారో చెప్పడానికి బుర్ర అక్కర్లేదు. ఇప్పుడు లాంతరు మీద పడ్డారు. ఇవాళ సాయంత్రంలోగా పట్టిస్తామని పైవాళ్లకి మాటిచ్చారట."

గుమాస్తా ముఖంలో ఏమీ కదల్లేదు. ఆ ముఖంలో ఏదీ కదలకపోవడమే కదా అతని ఉద్యోగం.

"ఉప్పందించిందెవరు సార్?"

"ముత్యాలావిడ. వాళ్ల టెక్నికల్ హెడ్. కొంతకాలంగా మనకీ పనిచేస్తోంది."

"అంటే రెండు వైపులా."

"ఏజెంట్లంటే దేవతలనుకున్నావా? విను. రెండు దార్లున్నాయి. ఒకటి, గంట."

గంట అంటే పేటలో ఉన్న ఒకే ఒక్క ఆజ్ఞ. ఒక ఇంట్లో మోగిస్తే ఇంటినించి ఇంటికి పాకి, ప్రతి ఇల్లూ తనని తాను చెరిపేసుకుంటుంది. అది మోగించే అధికారం గుమాస్తా చేతిలో మాత్రమే ఉంది. ఆమె వెళ్లేముందు అలా అమర్చింది. "పెద్దాయన చేతికిస్తే దగ్గొచ్చినా కొడతాడు. నీ చేతికిస్తే కొంప మునుగుతున్నా కొట్టవు. నువ్వే నయం," అని నవ్వింది కూడా.

"గంట కొడితే అందరూ బతుకుతారు సార్," అన్నాడు గుమాస్తా నెమ్మదిగా. "కానీ మళ్లీ ఎవరినీ పోగెయ్యలేం. లిస్టు లేదుగా. ఆమె ఎక్కడుందో మనకి తెలియదు. మనం ఎక్కడున్నామో ఆమెకి తెలియదు. అక్కడే ఉండిపోతుంది."

"అందుకే రెండో దారి. ఊళ్లో వాళ్ల బ్రాంచి ఉంది. దొంగ ఇళ్లన్నీ ఒకే హాల్లో ఉన్నాయి. ఈ క్లిప్ తీసుకెళ్లి వాళ్ల కేబుల్‌కి తగిలించు. ఏవి దొంగవో పట్టుకుంటుంది. మనం వాటిని పేటలోంచి గెంటేస్తాం. పొద్దున్నే మనవాళ్లు డాబా మీద వాళ్ల ఏసీ పైపు కోశారు. నువ్వు ఏసీ మెకానిక్‌వి."

ఆయన సొరుగులోంచి ఒక ఏసీ రిమోట్ తీసి పెట్టాడు. చూడ్డానికి మామూలు రిమోటే, గీతలు పడి, వెనక మూత ఊడి, టేపు చుట్టి ఉంది. టేపు వెయ్యడం కూడా డిపార్ట్‌మెంట్ పనితనమే.

"టైమర్ బటన్ నొక్కిపెడితే గంట. మన ఫోన్లు చెరిగిపోగానే కింద వ్యాన్‌లో ఉన్నవాళ్లం పైకి వస్తాం. అది నొక్కే అవసరం రాకుండా చూసుకో."

*

వ్యాన్‌లో వెళ్తుంటే గుమాస్తా జేబులో ఫోన్ చిన్నగా వణికింది. పక్కింటినించి ఖాళీ ఉత్తరం. తీసి చూశాడు.

"పాలు పొంగిపోయాయి. స్టవ్ తుడిచేసరికి బస్సు పోయింది."

ఇది పెద్దాయనకి తెలియని సంగతి. ఖాళీ ఉత్తరాల్ని మెషీను చెత్తతో నింపాలి, అది రూలు. కానీ ఆ ఒక్క పక్కింటినించి వచ్చేవాటిలో కొన్నిటిని ఎవరో చేత్తో నింపేవాళ్లు. మొట్టమొదటిదాంట్లో రెండే మాటలున్నాయి: "గడియ వేశావా?" గుమాస్తా ఆరోజు బస్సులో, అంతమంది మధ్య, ఏడ్చాడు. కాపురం చేసినన్నాళ్లూ పడుకోబోయేముందు మూడుసార్లు ఆ ప్రశ్న అడిగి ప్రాణం తీసేది. ఊరికి వెళ్లేముందు అతని ఫోన్ తనే సెట్ చేసి ఇచ్చింది. తన ఇంటి పక్కనే అతని ఇల్లు పెట్టుకుని మరీ వెళ్లిందన్నమాట.

వారం తిరిగేసరికి పక్కిళ్లు మారే వేళైంది. మారితే మళ్లీ దొరకదు. గుమాస్తా సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ ఒక్క పక్కింటిని మారకుండా బిగించేశాడు. బిగింపు రెండు చివర్లా పడితేనే నిలుస్తుంది. నిలిచింది. అంటే అటువైపు ఆమె కూడా అదే తప్పు చేసింది. పేట కట్టిన మనిషి, అలవాటు పడకూడదని రూలు రాసిన మనిషి.

అతను మాత్రం ఒక్కసారి కూడా జవాబు రాయలేదు. ఒక తప్పు చేశాను, రెండోది చెయ్యకూడదు అనుకున్నాడు. మూర్ఖుడు. ఆమె కుళాయిలో నీళ్లు రాలేదని రాసింది, చెప్పు తెగిందని రాసింది, జ్వరం వచ్చి తగ్గిందని రాసింది. ఇతనివైపునించి చెత్త నింపిన కవర్లే వెళ్లాయి, ఇన్నేళ్లూ. కదలకుండా పక్కనే ఉండటమే జవాబు అనుకుంటుందిలే అని సరిపెట్టుకున్నాడు.

*

కంపెనీ బ్రాంచి బయటికి కాల్ సెంటర్. గాజు తలుపులు, ప్లాస్టిక్ మొక్కలు, బ్యాడ్జీ చూపిస్తే గానీ తెరుచుకోని లిఫ్టు. గుమాస్తా భుజాన నిచ్చెన, చేతిలో గ్యాస్ సిలిండర్, నీలం చొక్కా మీద ఎక్కడా లేని సంస్థ పేరు. రిసెప్షన్‌లో అతన్ని ఎవరూ చూడలేదు. ముత్యాలావిడ వస్తే మాత్రం అందరూ తలలు తిప్పి చూశారు. పొడుగు మనిషి, నల్ల కోటు, మెడలో ఒంటి పేట ముత్యాలు. ఆవిడ నడిచినంత దూరమూ సెంటు వాసన వెనకే నడిచింది.

"ఈ మెషీన్ ఎన్ని టన్నులండీ?" అన్నాడు గుమాస్తా. కోడ్.

"మోసేవాళ్ల ఓపికని బట్టి." సరైన జవాబే.

"మోసేవాణ్ణి నేనేనండి."

"అయితే రండి. లోపల ఉడికి చస్తున్నాం."

హాలు తలుపు తెరవగానే వేడిగాలి ముఖాన కొట్టింది. నేలనించి కప్పు దాకా ఇనుప అరలు. అరల నిండా చవక ఫోన్లు, వరసలు వరసలుగా, ప్రతిదానికీ ఒక వైరు. ఒక్కో ఫోనూ పేటలో ఒక్కో ఇల్లు. ఇంట్లో మనిషి లేడు. మనుషులు లేని ఇళ్లన్నీ నిమిషానికోసారి ఒకేసారి వణుకుతుంటే అరలు సన్నగా గిలగిల్లాడుతున్నాయి. మూలల్లో టేబుల్ ఫ్యాన్లు పెట్టారు గానీ అవి ఆ వేడిని ఇటునించి అటు తోస్తున్నాయి, అంతే. తలుపు దగ్గర ఒక గార్డు చొక్కా తడిసిపోయి నిలబడ్డాడు.

గుమాస్తా నిచ్చెన వేసి ఏసీ ముందు మూత విప్పాడు. ఫిల్టర్ తీసి దుమ్ము దులిపాడు. మెకానిక్‌లందరూ చేసే మొదటి పని అదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఫాల్స్ సీలింగ్ పలక కొంచెం జరిపి కేబుల్‌కి క్లిప్ తగిలించాడు. ఎర్రటి చుక్క వెలిగింది. అది పచ్చగా మారితే పని అయినట్టు.

ముత్యాలావిడ నిచ్చెన కింద నిలబడి గొంతు తగ్గించింది. "టైమ్ పడుతుంది కదా. ఈలోపు మీ లాంతరుని ఎలా పట్టుకుంటున్నారో చూస్తారా? మీ వాళ్లకి చెప్పుకోవచ్చు."

గోడమీద పెద్ద తెర ఉంది. దాని నిండా చుక్కలు, చుక్కల మధ్య గీతలు.

"ప్రతి చుక్కా ఒక ఇల్లు. గీత ఉంటే పక్కిల్లు. ఉత్తరాల్లో ఏముందో మాకు తెలియదు. ఎవరి పక్కన ఎవరున్నారో మాత్రం తెలుస్తుంది. ఇన్ని ఇళ్లున్నాయి కదా మాకు, పేటంతా కాపలా ఉన్నట్టే. ఇప్పుడు పాత రికార్డంతా వేగంగా తిప్పుతాను, చూడండి."

తిప్పింది. గీతలు తెగాయి, అతుక్కున్నాయి, మళ్లీ తెగాయి. తెరంతా చీమలపుట్ట కదిలినట్టు కదిలింది. మధ్యలో ఒక్క గీత మాత్రం అలాగే ఉంది. అన్నీ మారినా అది మారలేదు.

"అది మెషీన్ పొరపాటేమోనండి," అన్నాడు గుమాస్తా ఏసీ లోపలికి చూస్తూ.

"మెషీన్లు ఇంత మొండిగా ఉండవు. మనుషులే ఉంటారు. ఈ చివర మీ దేశం. ఆ చివర మా హెడ్డాఫీసు ఉన్న ఊరు. మా ఊళ్లో కూర్చుని ఇన్నేళ్లు ఇటువైపు ఒక్క ఇంటినే పట్టుకుని ఉన్నారంటే, లాంతరు కాక ఇంకెవరు?"

నిచ్చెన మీద గుమాస్తాకి చేతిలో స్క్రూడ్రైవర్ కనపడలేదు. కళ్లు నిండిపోయాయి. చెమట తుడుచుకున్నట్టు మోచేత్తో తుడుచుకున్నాడు. డాక్టర్‌ని దొంగ ఇళ్లు పట్టించాయి. తన భార్యని పట్టించింది దొంగ ఇళ్లు కాదు. తను. వదలలేక పట్టుకున్న ఆ ఒక్క గీత. వారానికోసారి మారిపోయే పక్కిళ్ల మధ్య ఆమెని మారకుండా దాచుకున్నాననుకున్నాడు. దాచుకోవడం కాదు, వేలెట్టి చూపించాడు.

"ఊరు తెలిసిందిగా, పట్టుకోవచ్చుగా," అన్నాడు ఫిల్టర్ మళ్లీ బిగిస్తూ.

"ఊరు పెద్దది. గుమ్మం తెలియాలి. అందుకు వాళ్లు మా ఇళ్లలో ఒకదాన్ని తట్టాలి. అదేం కష్టం కాదు. పక్కిల్లు మాయమైతే తడతారు. లిస్టు లేని పేటలో ఇల్లు కనుక్కోవాలంటే నలుగురినీ అడక్కుండా ఎలా? 'ఫలానా ఇల్లెక్కడ' అని అడిగారా, ఆ అడిగిన ఇల్లు ఎవరిదో మాకు తెలిసిపోయినట్టే."

గుమాస్తాకి అంతా ఒక్కసారి అర్థమైంది. గంట కొట్టినా చాలదు. గంట ఆమె ఫోన్‌లో ఇంటిని చెరిపేస్తుంది గానీ ఆమెని ఆపదు. పేట కట్టిన మనిషి. కొత్త ఇల్లు కట్టుకుని వచ్చి, ఎదురైన ప్రతి గుమ్మంలో 'నా పక్కింటాయన ఎక్కడ' అని అడుగుతుంది. గడియ వేశావా అని మూడుసార్లు అడిగే మనిషి ఒక్కసారి అడిగి ఊరుకుంటుందా? ఆ గుమ్మాలన్నీ ఈ అరల్లో ఉన్నాయి.

"గ్యాస్ ప్రెషర్ చార్ట్ చూడాలండి," అని జేబులోంచి ఫోన్ తీశాడు. ఆ పక్కింటికి వెళ్లబోయే తర్వాతి ఖాళీ ఉత్తరం తెరిచి, మొదటిసారి, దాంట్లో రాశాడు.

"నేనే. ఈ ఇల్లు పోతోంది. నా కోసం వెతకొద్దు. ఎవరినీ అడగొద్దు."

ఇన్నేళ్లలో భార్యకి రాసిన మొదటి ఉత్తరం అది. ఇంకా ఏమైనా రాయాలని ఉంది. వేళ్లు రాలేదు. ఉత్తరం కవర్లోకి వెళ్లి తన నిమిషం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. పేటలో ఎవరికి ఎంత తొందరున్నా ఉత్తరం తన వంతు వచ్చాకే కదులుతుంది. అదీ ఆమె రాసిన రూలే.

"గుమాస్తాగారూ," అంది ముత్యాలావిడ కిందనించి. గొంతులో మర్యాద అలాగే ఉంది. "ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయాను. ఆ మొండి గీతకి ఈ చివర ఉన్న ఇల్లు ఎవరిదో మాకు ఇందాకటిదాకా తెలియదు. మీరు లిఫ్టులోంచి దిగగానే అది ఈ అంతస్తులో వెలిగింది. మీ పెద్దాయన తన బెస్ట్ ఏజెంట్‌నే పంపుతాడని తెలిసే కబురు పెట్టాను. దిగి రండి. ఫోన్ ఇలా ఇవ్వండి."

గార్డు తుపాకీ తీశాడు. గుమాస్తా ఒక్కో మెట్టూ దిగాడు. ఫోన్ ఇచ్చాడు. ఏసీ మెకానిక్ చేతిలో రిమోట్ ఉంటే లాక్కోవాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆవిడ చేతిలోనే ఫోన్ చిన్నగా వణికింది. అరల్లో ఫోన్లన్నీ వణికాయి. నిమిషం అయింది. ఉత్తరం వెళ్లిపోయింది, ఆవిడ గుప్పిట్లోంచే. బయటినించి చూస్తే అది కూడా ఖాళీదే.

"మిమ్మల్ని కొట్టే శ్రమ కూడా లేదు," అంది ఆవిడ. "మీరు నోరు విప్పక్కర్లేదు. ఈ ఫోన్ ఆపేస్తే చాలు. ఆవిడే వెతుక్కుంటూ వస్తుంది."

"ఆవిడ అని ఎవరన్నారు?"

"ఇన్నేళ్లు ఒకే గుమ్మం పట్టుకుని ఎవరుంటారండీ? మీ ముఖం చూస్తే తెలియడం లేదు గానీ, ఫోన్ ఇచ్చాక కూడా మీ కళ్లు దాని మీదే ఉన్నాయి."

ఆవిడ బొటనవేలు ఫోన్ పక్కనున్న బటన్ మీద ఆనింది.

"ఒక్క నిమిషం," అన్నాడు గుమాస్తా. "ఆపండి, వద్దనను. ఆపేముందు ఒక్కటి చదవండి. ఖాళీ ఉత్తరాల్లో ఏవో రాస్తుంటుంది. పాలు పొంగాయనీ, బస్సు పోయిందనీ. ఇన్నేళ్లూ లోపల్లోపలే చదువుకున్నాను. ఒక్కసారి ఎవరైనా పైకి చదివితే వినాలని ఉంది."

అందులో ఎత్తు ఉన్నమాట నిజమే. కానీ ఆ కోరిక అబద్ధం కాదు. అబద్ధం కాదని ఆవిడకి తెలిసింది. మోసం చెయ్యడంలో ఆరితేరిన మనిషికి నిజం కనపడితే కాసేపు చూడబుద్ధేస్తుంది కాబోలు. వేలు అలాగే ఉంచి ఆగింది. గార్డు కూడా తుపాకీ పట్టుకుని ఫోన్ వైపే చూశాడు.

అరలు గిలగిల్లాడాయి. ఫోన్ వణికింది. ఆవిడ పైకి చదివింది, తీరిగ్గా, కొంచెం నవ్వుతూ.

"'నువ్వేనని ఎప్పుడో తెలుసు. సరే, వెతకను. వేళకి తిను. గడియ వేసుకో.'"

చదువుతూ చదువుతూ 'వెతకను' దగ్గర ఆవిడ గొంతు తడబడింది. చివరికి వచ్చేసరికి నవ్వు లేదు. తలెత్తి చూసింది. గుమాస్తా బొటనవేలు అప్పటికే టైమర్ బటన్ మీద ఉంది. కొంప మునుగుతున్నా కొట్టవు అంది ఆమె. కొట్టాడు.

తెరమీద మొదట ఒక్క చుక్క ఆరిపోయింది. అతని ఇల్లు. దాన్నించి సాగిన ఆ మారని గీత మెల్లిగా చెరిగింది, దాని చివరున్న చుక్కతో సహా. అక్కణ్ణించి చుట్టుపక్కలకి పాకింది. ఒక్కో ఇంట్లో దీపం తీసేసినట్టు పేటంతా ఆరుతూ పోయింది. ఏ నర్సు ఇల్లో, ఏ డ్రైవర్ ఇల్లో, ఏ మాష్టారి ఇల్లో, వాళ్ల ఫోన్లలో ఒక యాప్ మాయమైంది, వాళ్ల ప్రాణాలు నిలిచాయి. చివరికి తెరమీద దొంగ ఇళ్లు మాత్రం మిగిలాయి. వాటిలో మనుషులు లేరు కాబట్టి వాటికి సంగతి తెలియలేదు. ఒకదానికొకటి ఖాళీ ఉత్తరాలు పంపుకుంటూ కూర్చున్నాయి.

గార్డు తుపాకీ పైకెత్తి ఆవిడ వైపు చూశాడు.

"దించు," అంది ముత్యాలావిడ. "ఇప్పుడు ఇతన్ని చంపి ఏం లాభం?" తర్వాత గుమాస్తాతో అంది, "ఆవిడ మళ్లీ మీకు దొరకదు. తెలుసా?"

"తెలుసు."

"అయినా కొట్టారు."

మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడింది. నీలం చొక్కాల మెకానిక్‌లు ఆరుగురు, చేతుల్లో పానాలకి బదులు పిస్టళ్లతో, లోపలికి దూసుకొచ్చారు. సీలింగ్‌లో క్లిప్ పచ్చగా వెలిగింది. పని పూర్తయిందట. ఇప్పుడు ఆ పచ్చ చుక్కని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియదు.

*

కిందికి దిగాక, వ్యాన్ పక్కన నిలబడి, గుమాస్తా తన తప్పంతా పెద్దాయనకి చెప్పేశాడు. బిగించిన పక్కిల్లు, చేత్తో నింపిన ఖాళీ ఉత్తరాలు, అన్నీ.

పెద్దాయన వ్యాన్ తలుపు మూసి ఇతనివైపు తిరిగాడు.

"నిన్ను డిస్మిస్ చెయ్యాలి."

"చెయ్యండి సార్."

"ఆనాడు నా మాట విని లిస్టు పెట్టి ఉంటే ఇవాళ ఆమె అడ్రసు నా బీరువాలో ఉండేది. మనిషిని పంపి తెప్పించుకునేవాళ్లం."

"ఉండేది సార్. వాళ్ల బీరువాలో కూడా ఉండేది, ఎప్పుడో."

పెద్దాయన గుమాస్తా భుజం మీద చెయ్యి వేశాడు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నించీ ఆయన ఎవరి భుజం మీదా చెయ్యి వేసి ఎరగడు, అందుకే అది ఎప్పుడు తియ్యాలో కూడా తెలియక అలాగే ఉంచాడు.

సాయంత్రం వెలుతురుండగానే గుమాస్తా ఇంటికి చేరాడు. ఒక గది, ఒక స్టవ్, ఒక కుర్చీ. తలుపు వేసి గడియ పెట్టాడు. కూర్చుని, ముత్యాలావిడ చేతిలోంచి వెనక్కి తీసుకున్న ఫోన్ చూశాడు. యాప్ ఉన్న చోట ఏమీ లేదు. నిమిషం గడిచింది. ఫోన్ వణకలేదు. ఇంకో నిమిషం గడిచింది. ఇన్నేళ్లుగా ఆ వణుకు జేబులో ఉండేదని అది ఆగాకే తెలిసింది. చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు, గట్టిగానే. వినడానికి పక్కింట్లో ఎవరూ లేరు.

కాసేపయ్యాక లేచి గడియ చూసి వచ్చాడు. పెట్టే ఉంది. కూర్చున్నాడు. మళ్లీ లేచి చూసి వచ్చాడు.

మూడోసారి లేవబోతుంటే ఫోన్ మోగింది. పెద్దాయన.

"నిన్ను డిస్మిస్ చెయ్యడం లేదు. కొత్త పేట కట్టాలి. పాతదానికన్నా గట్టిగా. ఆ పని మనలో ఎవడికీ రాదు. వచ్చిన మనిషి ఒక్కతే. ఏదో ఒక దారి ఉండదంటావా? ఆమె ఎక్కడుందో తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఉండకుండా ఉంటారా, ఇంత ప్రపంచంలో?"

"ఎవరూ లేరు సార్," అన్నాడు గుమాస్తా, గడియ మీద చెయ్యి ఆనించి. "పని అంత బాగా చేసింది."